కొండ గెలిచినవాణ్ణి నమ్మడమెలా?

ఫ్రాన్స్‌లో పిరనీస్ పర్వతాల పాదాన లూర్ద్ అనే ఊరుంది. 1858లో బెర్నదెత్ అనే పద్నాలుగేళ్ల పిల్లకు మేరీమాత కనిపించిందని చెప్పే గుహ అక్కడే. జబ్బులు నయమవుతాయని ఏటా లక్షలాది జనం వస్తారు. నయమైందని నమోదు చేయించుకున్నవాళ్లు ఇప్పటికి ఏడు వేలకు పైనే. కానీ 2018 నాటికి చర్చి మహిమగా ఒప్పుకున్నవి 70 మాత్రమే. జబ్బు నిజంగా ఉండిందా, మందులకు తగ్గిందా, మళ్లీ తిరగబెట్టిందా అని అక్కడి వైద్యులు ఏళ్ల తరబడి కనిపెడతారు. మహిమల మీద బతికే ఊరు, మహిమను ఒప్పుకోవడానికి మాత్రం తొందరపడదు.

అక్కణ్ణించి కారులో కాసేపు పోతే ఓతకామ్ కొండ. టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ పందెం ఆ కొండ ఎక్కినప్పుడల్లా జనం చూసింది కూడా మహిమలాంటిదే. 1994లో అక్కడ గెలిచిన ల్యూక్ లెబ్లాన్, ఆరేళ్ల తర్వాత కోర్టులో తాను నిషిద్ధ మందులు వాడినట్టు ఒప్పుకున్నాడు. 1996లో డెన్మార్క్ రైడర్ బ్యార్న రీస్ అదే కొండ మీద కాస్త వెనక్కి తగ్గి, పోటీదారుల ముఖాలు ఒక్కొక్కటే తేరిపార చూసి, వాళ్లలో సత్తువ లేదని తేల్చుకుని, అందరినీ వదిలి వెళ్లిపోయాడు. ఆ ఏడాది టూర్ అతనిదే. 2007లో ఈపీఓ అనే నిషిద్ధ మందు వాడానని తనే చెప్పాడు. 2000లో లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ పందెంలో అందరికన్నా ముందున్నవాడికిచ్చే పసుపు జెర్సీ అందుకున్నదీ ఆ కొండ మీదే. 2008లో అక్కడ గెలిచిన లియొనార్దో పియెపోలి తర్వాత పరీక్షలో దొరికాడు. ఆపైన 2014లో నీబలి, 2022లో వింగెగోర్, 2025లో పొగాచర్ అక్కడ గెలిచారు. ఈ చివరి ముగ్గురి మీద డోపింగ్ ఏదీ రుజువు కాలేదు. అయినా పై పేర్లు చదివాక ఈ మూడు పేర్లను ఎవరూ మునుపటి కళ్లతో చదవలేరు. అలా చదవలేకపోవడం న్యాయమేనా?

మన తార్కికులు ఈ చిక్కును మరో సందర్భంలో ఎప్పుడో తవ్విపోశారు. కళ్లకు కనిపించినదాన్ని ముందు నమ్మి, తప్పని తేలినప్పుడు వదులుకోవాలా? లేక రుజువయ్యేదాకా నమ్మకాన్ని ఆపి ఉంచాలా? ఏడో శతాబ్ది నాటి మీమాంసకుడు కుమారిలభట్టు మొదటి పక్షం. జ్ఞానం తనంతట తానే ప్రమాణం, దాన్ని కొట్టేసే మరో జ్ఞానం వచ్చేదాకా అది చెల్లుతుంది అన్నాడు. న్యాయదర్శనాన్ని నమ్మే నైయాయికులు ఒప్పుకోలేదు. ఎదురుగా నీళ్లు కనిపిస్తే సరిపోదు, తాగినప్పుడు దాహం తీరితేనే అవి నీళ్లు అని తేలుతుంది. ప్రామాణ్యం బయటి నుంచి రావాలి. కుమారిలుడు ఆ వాదం చేసింది వేదం కోసం, పసుపు జెర్సీ కోసం కాదు. అయినా జూలై ఎండలో కొండదారి పక్కన గంటల తరబడి నిలబడి, ముప్పై సెకన్లపాటు రైడర్లను చూసి కేకలు వేసే అభిమాని, తెలియకుండానే మీమాంసకుడు. అతన్ని తప్పుపట్టడం కష్టం. ప్రతి గెలుపునూ పదేళ్ల తర్వాత ఆనందిద్దామని దాచుకునేవాడు పందెం చూడనేలేడు.

ఈ వాదాల్లో సైకిల్ పందేనికి అన్నిటికన్నా బాగా అతికేది మాత్రం అనుపలబ్ధి. ఒక వస్తువు కనబడకపోవడమే అది లేదనడానికి ప్రమాణమవుతుందా అన్న చర్చ. కుమారిలుడి దారిలో నడిచిన భాట్ట మీమాంసకులూ, అద్వైతులూ అవుతుందన్నారు, ఒక షరతు మీద. ఆ వస్తువు ఉంటే కనబడి తీరే పరిస్థితి ఉండాలి. దీపం వెలుగుతున్న గదిలో కుండ కనబడకపోతే కుండ లేనట్టే. చీకటి గదిలో కనబడలేదంటే ఏమీ తేలనట్టే.

ఆర్మ్‌స్ట్రాంగ్ 1999 నుంచి 2005 దాకా వరుసగా ఏడు టూర్లు గెలిచినన్నాళ్లూ చీకటి గదిని చూపించే వాదించాడు. ఎన్ని పరీక్షలైనా చేశారు, ఎందులోనూ దొరకలేదు అన్నదే అతని జవాబు. కానీ 1999లో ఈపీఓను పట్టే పరీక్షే లేదు. ఎర్రకణాలను పెంచే ఈ హార్మోన్‌ను మూత్రంలో గుర్తించే పద్ధతిని ఫ్రెంచ్ శాస్త్రవేత్తలు 2000లో ప్రకటించారు. అంతకుముందు అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య చేయగలిగింది ఒక్కటే. రక్తంలో ఎర్రకణాల వాటా 50 శాతం దాటితే పందెం నుంచి తప్పించాలని 1997లో నియమం పెట్టింది. 42 శాతం ఉన్నవాడికి అది అడ్డుకట్ట కాలేదు, 49 దాకా పోవచ్చన్న సూచన అయింది. 1999 నాటి నమూనాలను కొత్త పద్ధతిలో పరీక్షించినప్పుడు ఆర్మ్‌స్ట్రాంగ్‌వి ఆరింటిలో ఈపీఓ కనిపించిందని 2005 ఆగస్టులో ‘లెకిప్’ పత్రిక బయటపెట్టింది. పైగా అసలు దొరకలేదన్నదీ పూర్తి నిజం కాదు. 1999లోనే కార్టికోస్టెరాయిడ్ జాడ దొరికితే, సీటు ఒరుసుకున్న పుండుకు రాసిన పూత అంటూ పాత తేదీ వేసిన చీటీ ఒకటి తెచ్చి చూపించారు.

చీకటి ఒక్కటే అయితే ఎవరినీ తప్పుపట్టనక్కర్లేదు. అయితే ఆ గదిలో ఏముందో చూసినవాళ్లున్నారు, చూసింది చూసినట్టు చెప్పారు కూడా. నిజాన్ని ఉన్నదున్నట్టు చెప్పేవాడే ఆప్తుడని, అతని మాట ప్రమాణమని 17వ శతాబ్దిలో మన తెలుగువాడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో చిన్నపిల్లలకు సైతం అర్థమయ్యేలా రాసిపెట్టాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ జట్టులో మసాజ్ చేసిన ఎమ్మా ఒరైలీ, ఆ పాత తేదీ చీటీ సంగతీ, చేతిమీద సూది గుర్తులు కప్పడానికి తన దగ్గర మేకప్ అడిగిన సంగతీ చెప్పింది. జట్టు సభ్యుడి భార్య బెట్సీ ఆండ్రూ, 1996లో ఆసుపత్రి గదిలో ఆర్మ్‌స్ట్రాంగ్ డాక్టర్లకు తాను వాడిన మందుల పేర్లు చెప్పడం చెవులారా విన్నానంది. ఒరైలీ మీద దావా పడింది. ఆమె మాటలు అచ్చువేసిన పాత్రికేయుడు డేవిడ్ వాల్ష్ పనిచేసే ‘సండే టైమ్స్’ పత్రిక కూడా కోర్టు దావాలో డబ్బు చెల్లించుకోవాల్సి వచ్చింది. ఒకణ్ణి నమ్మడం కోసం లోకం ఇంతమందిని అబద్ధాలకోర్లను చేసింది. 2012లో అమెరికా డోపింగ్ నిరోధక సంస్థ సాక్ష్యాలన్నీ పేర్చి ఏడు టైటిళ్లూ ఊడబెరికినప్పుడు చాలామంది అభిమానులు తాము మోసపోయామని వాపోయారు. వాళ్ల చేతుల్లో మోసపోయినవాళ్ల లెక్క ఎవరూ తీయలేదు.

ఇప్పటి సందేహం సాక్షుల మీద కాదు, లెక్కల మీద నడుస్తోంది. ఒకప్పుడు ఫెస్తినా జట్టులో శిక్షకుడిగా ఉన్న ఆంత్వాన్ వాయే, కొండ ఎత్తు, పట్టిన సమయం, బరువు కలిపి రైడర్ ఎన్ని వాట్ల శక్తి పెట్టాడో గణిస్తాడు. 410 దాటితే సందేహం, 430 దాటితే మహిమ, 450 దాటితే మనిషి మారిపోయినట్టే అని గీతలు గీశాడు. పొగను చూసి నిప్పును ఊహించే పద్ధతి ఇది. కానీ తార్కికులు అనుమానమనే ఈ ప్రమాణం నిలవాలంటే రెంటి మధ్యా విడదీయరాని బంధం ఉండాలి, మధ్యలో మరో కారణం దూరకూడదు. 2024 జూలైలో ప్లాతో ద బెయ్ కొండ మీద పొగాచర్, 1998 నాటి మార్కో పంతానీ రికార్డును మూడు నిమిషాలకు పైగా చెరిపేశాడు. పంతానీ 1998 నమూనాలో ఈపీఓ ఉన్నట్టు 2013లో ఫ్రెంచ్ సెనేట్ నివేదికలో తేలింది. మందు వేసుకున్నవాడి కన్నా మందు లేనివాడు వేగంగా పోగలడా అన్న ప్రశ్న సహజమే. అయితే ఈ పాతికేళ్లలో టైర్లు మారాయి, గాలిని చీల్చే సైకిళ్లొచ్చాయి, గంటకు 120 గ్రాముల దాకా పిండిపదార్థం తీసుకుంటూ తొక్కడం నేర్చారు. ఇవన్నీ కలిపితే మూడు నిమిషాలు వస్తాయా రావా అని ఎవరికి తోచిన లెక్క వారు వేస్తున్నారు. వేగమొక్కటే చూసి నేరం నిర్ణయించడానికి ఆ లెక్కలు చాలవు. నిర్దోషి అనడానికీ చాలవు. తన కూతురికి ఇవ్వలేనిదేదీ తాను తీసుకోనని 2023లో వింగెగోర్ చెప్పిన మాట మనసుకు తాకుతుంది గానీ, అది శపథమే తప్ప ప్రమాణం కాదు. కూతుళ్లున్న తండ్రులు ఇదివరకూ ఉన్నారు.

సందేహించడంలో కూడా మర్యాద ఉంటుంది. 2015 టూర్‌లో ఒక ప్రేక్షకుడు రైడర్ క్రిస్ ఫ్రూమ్‌ను ‘దోపే’ (మందులు వాడినవాడా) అని తిడుతూ గ్లాసులోని మూత్రం మీద పోశాడు. దీనికి పూర్తి వ్యతిరేకం జినో బర్తాలీ. పరమ భక్తుడైన ఈ ఇటలీ వీరుడు 1946లో జీరో అనే ఇటలీ సైకిల్ పందెంలో ప్రత్యర్థి ఫౌస్తో కొప్పీ ఏదో తాగి సీసా విసిరేయడం చూశాడు. పందెమయ్యాక కారులో మళ్లీ ఆ చోటికి వెళ్లి, గడ్డిలో వెతికి ఆ సీసా పట్టి, డాక్టరుకిచ్చి పరీక్ష చేయించాడు. తీరా చూస్తే అది అంగట్లో దొరికే బలం టానిక్కు. బర్తాలీ తనకూ ఒక పెట్టె తెప్పించుకున్నాడని, ఇదంతా తనే చెప్పుకున్నాడు. చమత్కారమేమిటంటే, సీసా నిర్దోషే గానీ మనిషి కాదు. ఆ రోజుల్లో నిషేధం లేని ఆంఫెటమిన్లు తాను వాడేవాణ్ణని కొప్పీ తర్వాత దాచకుండా చెప్పాడు.

అందరూ దొంగలే అనే మాట తెలివైన మాటలా వినిపిస్తుంది. అది ముందుగా తుడిచేసేది క్రిస్తోఫ్ బసోన్స్ లాంటివాణ్ణి. 1998లో ఫెస్తినా జట్టు కారులో సరిహద్దు దగ్గర మందుల పెట్టెలు దొరికి, రైడర్లు పోలీసుల ముందు నోరు విప్పినప్పుడు, బసోన్స్ ఒక్కడే ముట్టుకోలేదని తోటి రైడర్లే చెప్పారు. మరుసటేడు టూర్ తొక్కుతూ, ఈ వేగాలు నమ్మశక్యంగా లేవని అతను పత్రికలో రాశాడు. అల్ప్ దుయెజ్‌కు వెళ్లే దారిలో ఆర్మ్‌స్ట్రాంగ్ పక్కకొచ్చి, నీ మాటలు ఈ ఆటకు చేటు, ఇంటికి పో అన్నాడు. తోటివాళ్లు పలకరించడం మానేశారు. బసోన్స్ ఆ టూర్ పూర్తి చేయలేదు, రెండేళ్లలో వృత్తే వదిలేశాడు. ఆ తర్వాత ఫ్రెంచ్ క్రీడా మంత్రిత్వ శాఖలో చేరి డోపింగ్ నివారణ పని చేశాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ టైటిళ్లు పోయిన 2012లోనే, ఒక మౌంటెన్ బైక్ పందెం మధ్యలో మానేసి వెళ్లిపోయి డోపింగ్ పరీక్షకు హాజరు కాలేదన్న కారణంతో ఫ్రెంచ్ సమాఖ్య అతని మీద ఏడాది నిషేధం వేసింది. అప్పీలు చేసుకుంటే నెలకు తగ్గించారు.