యూనిట్‌కు ఎంత? ఊరికి ఎంత?

ఏ కరెంటు మంచిది? ఈ ప్రశ్న మన బడుల్లో ఏటా వస్తుంది. బొగ్గు తరిగిపోయేది, ఎండ తరగనిది, నీటి కరెంటు శుభ్రమైనది, అణు కరెంటు ప్రమాదమైనది అని పట్టిక గీసి పిల్లలు మార్కులు తెచ్చుకుంటారు. ఆ కరెంటు ఎవరి నేల మీద పుడుతుందో రాసే గడి మాత్రం ఆ పట్టికలో ఉండదు.

అలాగని లెక్కల్ని తీసిపారేయాలని మేము అనడం లేదు. మన కేంద్రాల్లో ఒక యూనిట్ తీయడానికి ముప్పావు కిలోకు కాస్త తక్కువ బొగ్గు కాలుతుంది. అందులో మూడో వంతు దాకా, ఒక్కోసారి అంతకు మించి, బూడిదే. తవ్వకం నుంచి చివరి దాకా కలిపి చూస్తే యూనిట్‌కు బొగ్గు నుంచి సుమారు 820 గ్రాములు, సౌర విద్యుత్తు నుంచి 48, నీటి నుంచి 24, అణువు నుంచి 12 గ్రాముల కార్బన్ డయాక్సైడు లెక్కకు వస్తుందని ఐపీసీసీ 2014 నివేదిక చెప్పింది. పొగ వల్ల, ప్రమాదాల వల్ల పోయే ప్రాణాలు చూసినా అంతే. వంద కోట్ల యూనిట్లకు బొగ్గు 25 మంది దాకా బలి తీసుకుంటుందని ఒక అంచనా. చెర్నోబిల్, ఫుకుషిమా రెండూ కలిపినా అణు విద్యుత్తుకు ఆ లెక్క ఒకటిలో చిన్న వంతు. కాబట్టి అణు కరెంటు బొగ్గు కంటే ఎక్కువ మందిని చంపుతుందని మనవాళ్లెవరైనా సభలో అంటే అది తప్పు. మన పక్షాన ఉంది కదా అని తప్పు లెక్క మోయనక్కర్లేదు. వాతావరణం మారి వాన దారి తప్పితే ముందు ఎండేది మన పోడు చేలే, మన కొండ వాగులే. బొగ్గు పొగ సంగతి మనకు పట్టనిది కాదు.

అయితే లెక్కల మాస్టార్లు ఒకటి గమనించాలి. ఈ భిన్నాలన్నిటికీ హారం ఒక్కటే, యూనిట్. యూనిట్‌తో భాగించగానే నష్టం దేశమంతటా సమంగా పంచినట్టు కనిపిస్తుంది. నిజంగా అది అలా పంచబడదు. హారంలో ఊరిని పెట్టి చూస్తే అంకెలు వేరే అవుతాయి.

శుభ్రమైనదని పేరున్న నీటి కరెంటునే తీసుకుందాం. 1955లో మాచ్‌ఖండ్‌లో కరెంటు పుట్టింది. దానికోసం జోలాపుట్టు ఆనకట్ట వెనక నిలిచిన నీళ్ల కింద ఆదివాసుల ఊళ్లున్నాయి. తర్వాత అదే నది కింది భాగాన ఒడిశా, ఆంధ్ర కలిసి బలిమెల కట్టాయి. ఆ నీటిలో ఆంధ్ర వాటా సీలేరు మీదుగా దిగి, చివరికి దిగువ సీలేరులో 460 మెగావాట్ల యంత్రాలను తిప్పుతుంది. బలిమెల జలాశయం నిండాక మల్కన్‌గిరి జిల్లా చిత్రకొండ వైపు సుమారు 150 ఊళ్లు మూడు వైపులా నీళ్లతో, మిగిలిన వైపు కొండలతో బయటి లోకానికి దూరమయ్యాయి. ఆ ప్రాంతానికి 'కటాఫ్ ఏరియా' అనే పేరే పడిపోయింది. నిండు చూలాలైనా, జ్వరంతో కాలుతున్న పిల్లవాడైనా పడవ ఎక్కాల్సిందే. గురుప్రియ వంతెన తెరిచింది 2018 జూలైలో. నలభై ఏళ్లకు పైగా మైదానంలో ఫ్యాన్లు తిరిగాయి, ఇక్కడ మనిషి రేవు దగ్గర పడవ కోసం కూర్చున్నాడు. యూనిట్‌కు 24 గ్రాములు అనే అంకె అబద్ధం కాదు. ఆ రేవు మాత్రం అందులో ఇమడదు.

బొగ్గు కథ మనవాళ్లకు కొత్త కాదు. ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని 1871లో తెలిసింది, 1889లో తవ్వకం మొదలైంది. అది కోయల నేల. భూగర్భ గనుల కాలంలో కొందరికైనా పని దొరికేది. ఓపెన్ కాస్ట్ వచ్చాక పని యంత్రాలదైంది, ఊరి పక్కన మట్టి గుట్టలు లేచాయి.

ఎండ మీద మాకూ ఆశ ఉంది. కానీ ఎండ రాత్రికి ఉండదు. పగటి కరెంటుతో కింది చెరువు నీళ్లను కొండ మీది చెరువుకు ఎత్తి, సాయంత్రం వదిలి టర్బైన్లు తిప్పే పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టులు అందుకే వస్తున్నాయి. వంద యూనిట్లు ఖర్చు పెడితే తిరిగి వచ్చేది 75, 80. ఎర్రవరం, కురుకుట్టి, కర్రివలస పేర్లు విన్నారు కదా, మూడూ గిరిజన ప్రాంతాలే. ఎందుకంటే దానికి కావలసింది ఎత్తయిన కొండ, దాని పక్కన నీళ్లు. ఆ రెండూ ఉన్నచోట ఎవరుంటారో చెప్పనక్కర్లేదు. ఎండ అందరిదే, దాన్ని దాచే కొండ మాత్రం మనది!

ఇక యురేనియం. 2019లో నల్లమలలో అన్వేషణ జరుపుతారనగానే చెంచుపెంటల నుంచి హైదరాబాద్ దాకా గొంతులు లేచాయి. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకం వద్దని తీర్మానం చేసింది. మంచి గెలుపు. అయితే మన పిల్లలు ఆ తర్వాతి ప్రశ్న కూడా అడగాలి. రియాక్టర్లు ఆగలేదు కదా, మరి వాటికి ఇంధనం ఎక్కడిది? కొంత విదేశాలది. కొంత కడప జిల్లా తుమ్మలపల్లెది. కొంత జార్ఖండ్‌లోని జాదుగూడది. సంతాల్, హో ప్రజల నేల అది. 1967 నుంచి తవ్వుతున్నారు. అక్కడి ఖనిజం ఒక టన్ను తవ్వితే కిలో యురేనియం కూడా రాదు, మిగిలినదంతా బురదై ఊళ్ల పక్కన చెరువుల్లో చేరుతుంది. తీసిన పసుపు పొడి వచ్చేది మన హైదరాబాద్‌కే, న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌కు.

చెంచులు వద్దన్నది న్యాయమే. కానీ మన 'వద్దు' ఇంకో ఆదివాసీ మీద బరువుగా దిగితే దాన్ని గెలుపు అని ఎంతవరకు అనగలం? మా గుంపులోనే దీని మీద గట్టి వాదన జరిగింది. ఎవరి ఊరిని వాళ్లు కాపాడుకుంటే చాలు, దేశం లెక్క మనకెందుకని కొందరన్నారు. మేము దానికి ఒప్పుకోలేదు. మనమూ హాస్టల్లో దీపం వెలిగిస్తాం, ఫోను ఛార్జింగ్ పెడతాం, పీహెచ్‌సీలో టీకాలు చెడకుండా ఫ్రిజ్ నడవాలంటాం. కరెంటు వద్దనే హక్కు మనకు లేదు, మనకది కావాలి కూడా. అడగకుండా తీసుకోవడం తప్పు, అది ఏ ఇంధనానికైనా తప్పే. నల్లమలకు అడిగిన ప్రశ్నే జాదుగూడకూ అడగాలి. అక్కడివాళ్లు కావాలంటున్న వైద్య పరీక్షలకు, పరిహారానికి మనం గొంతు కలపకపోతే నల్లమల తీర్మానం మన పెరటి కంచె మాత్రమే అవుతుంది.

పెసా చట్టం 1996లో, అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చాయి. 2013లో నియమగిరిలో పన్నెండు గ్రామసభలు బాక్సైట్ తవ్వకం వద్దని తేల్చాయి. గ్రామసభ అడ్డు చెప్పగలదని అప్పుడు రుజువైంది. కానీ గ్రామసభ 'సరే' అంటే? పరిహారం డబ్బుతో ఈ తరం ఇల్లు కట్టుకుంటుంది, దాన్ని తప్పు పట్టలేం. ఆనకట్టయితే కూలగొట్టవచ్చు, మట్టి గుట్టల మీద మొక్కలు నాటవచ్చు. యురేనియం బురదలో మిగిలే రేడియం సగం తరగడానికే 1600 ఏళ్లు పడుతుంది. మన ముత్తాతల పేర్లే మనకు నాలుగు తరాలకు మించి గుర్తు లేవు. 1600 ఏళ్లంటే అరవై తరాలు. వాళ్ల తరఫున ఈ వారం గ్రామసభలో వేలిముద్ర ఎవరు వేయాలి?