దాచుకోవడానికేముంది?

మొన్న ఒక ఆదివారం మా ఇంట్లో తగువు జరిగింది. తగువంటే గిన్నెలు విసురుకునేంతది కాదు లెండి, కాఫీలు చల్లారిపోయేంతది.

"కుక్కరు రబ్బరు సాగిపోయింది. కొత్త కుక్కరే కొనాలి" అని నేను మావారితో అన్నాను. అరగంట తరవాత ఫోను తెరిచేసరికి వరసాగ్గా కుక్కర్లు! మూడు లీటర్లవి, అయిదు లీటర్లవి, కింద పొయ్యి, పైన కుక్కరు, పక్కన నవ్వుతూ ఒక ఇల్లాలు. నాకు ఒళ్లు జలదరించింది. "చూశారా, ఈ ఫోను మన మాటలు వింటోంది!" అన్నాను.

ఇంజనీరింగు చదువుతున్న మా అబ్బాయి నవ్వాడు. "వినక్కర్లేదమ్మా. మొన్న నువ్వే రబ్బరు కోసం వెతికావు కదా, అది చాలు. ఏం వెతికావో, ఏం కొన్నావో, ఎక్కడికెళ్లావో అన్నీ కలిపి లెక్కగడతారు. నువ్వు నోరు విప్పకుండానే నీకేం కావాలో తెలిసిపోతుంది."

వాడు నన్ను వూరడించడానికే చెప్పాడు పాపం. నాకు మాత్రం దిగులు రెట్టింపయింది. గోడకి చెవి పెట్టే పక్కింటావిడ నయం, గొంతు తగ్గించి మాట్లాడుకోవచ్చు. మన చెత్తబుట్ట చూసి మన ఇంట్లో ఏం వండుకున్నామో, ఎవరొచ్చి వెళ్లారో లెక్కగట్టే పక్కింటావిడతో ఎలా వేగడం?

చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న మా అత్తగారు తలెత్తకుండానే, "వింటే విననీవే. మనకి దాచుకోవడానికేముంది? దొంగసొత్తా, దొంగకాపురమా?" అన్నారు. "అమ్మ చెప్పింది నిజం" అని మావారు పేపరు వెనక నుంచి ఓటు వేశారు. నేను ఓడిపోయాను.

ఆ సాయంత్రం బొబ్బిలి నుంచి అత్తగారి అక్కగారు ఫోను చేశారు. ఆవిడ ఫోను పట్టుకుని పెరటి వసారాలోకి వెళ్లి తలుపు దగ్గరగా లాక్కున్నారు. నలభై నిమిషాలు! బయటికి వచ్చాక, "తలుపెందుకు వేసుకున్నారత్తయ్యా?" అని అడిగాను.

"గాలి" అన్నారు.

ఆ రోజు విజయనగరంలో ఆకు కదల్లేదు.

ఆవిడని ఎత్తిపొడవాలని కాదు ఇదంతా చెప్పడం. అక్కచెల్లెళ్లిద్దరూ ఏ దొంగసొత్తు గురించీ మాట్లాడుకుని వుండరు. మోకాళ్ల నొప్పులు, కోడళ్ల మీద చాడీలు, ఎప్పుడో పోయిన అమ్మ జ్ఞాపకాలు. అంతకంటే ఏముంటాయి? అయినా తలుపు కావలసి వచ్చింది. తప్పు చేసినవాళ్లకే తలుపు కావాలన్న మాట అప్పటికే నాలో బీటలు వారింది.

మా మామ్మ గుర్తొచ్చింది. పధ్నాలుగు మంది వుండే ఇల్లు మాది. ఆవిడకంటూ ఒక గది లేదు, ఒక మంచం కూడా లేదు. ఒక ట్రంకుపెట్టె వుండేది, దాని తాళంచెవి ఎప్పుడూ బొడ్లోనే. పిల్లలం ఆ పెట్టె నిండా బంగారం వుందని కథలు చెప్పుకునేవాళ్లం. ఆవిడ పోయాక తెరిచి చూస్తే రెండు నేతచీరలు, చిల్లర డబ్బులు, మా అత్త ఎప్పుడో రాసిన ఉత్తరాలు. ఆ ఉత్తరాలు మామ్మకి చదివిపెట్టింది నేనే, ఆవిడకి చదువు రాదు. అంటే అందులో వున్నదంతా నాకు ముందే తెలుసు! మరి ఆ తాళం ఎవరికోసం, దేనికోసం? వస్తువుల కోసం కాదని ఇప్పుడు అనిపిస్తోంది. అంత ఇంట్లో ఇంకొకరు చెయ్యి పెట్టకూడని మూరెడు చోటు తనకి వుండాలి. ఆ చోటు కోసమే తాళం.

ఇంగ్లీషులో దీన్ని ప్రైవసీ అంటున్నారు. తెలుగులో 'రహస్యం' అంటే అనుమానం కలుగుతుంది, 'గోప్యత' అంటే ఆఫీసు ఫైలు గుర్తొస్తుంది. కానీ మనకో చక్కని మాట వుంది. గుట్టు. 'ఏదో రహస్యం వున్న మనిషి' అంటే ఓరగా చూస్తాం. 'గుట్టుగల మనిషి' అంటే మెచ్చుకుంటాం. గుట్టులో తప్పు లేదు, పరువు వుంది. ఈ తేడా మన భాషకి ఎప్పుడో తెలుసు.

దేశంలో పెద్ద కోర్టు ఈ సంగతి తేల్చడానికి మాత్రం చాలా కాలం పట్టింది. 1954లో ఒకసారి, 1962లో ఒకసారి, రాజ్యాంగంలో అలాంటి హక్కేదీ లేదన్నట్టుగా తీర్పులొచ్చాయి. 2012లో, కర్ణాటక హైకోర్టులో న్యాయమూర్తిగా చేసి రిటైరయిన కె.ఎస్. పుట్టస్వామి గారు ఆధార్ సంగతి తేల్చమని సుప్రీంకోర్టుకి వెళ్లారు. అప్పటికి ఆయనకి ఎనభయ్యారేళ్లు. మనవలతో కాలక్షేపం చేసే వయసు! 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా, గోప్యత ప్రాథమిక హక్కేనని చెప్పారు. మన కృష్ణా జిల్లా నుంచి వెళ్లిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ గారు వారిలో ఒకరు. ఆ మర్నాడు పేపర్లో ఆ వార్త చదువుతుంటే నాకు మామ్మ బొడ్లో తాళంచెవి గలగల వినిపించింది.

ఇంతవరకూ బాగానే వుంది. ఫోను కంపెనీలని తిట్టుకుని, కోర్టు వారికి దణ్ణం పెట్టి ఈ వ్యాసం ఇక్కడితో ముగించేస్తే హాయిగా వుండేది. కానీ నాకొక పలాస కథ వుంది.

మా పిన్నిది కాశీబుగ్గ. పలాస, కాశీబుగ్గ అంటే జీడిపప్పు. పెళ్లి పాయసంలో తేలే జీడిబద్ద వెనక అక్కడి ఆడవాళ్ల చేతులున్నాయి. జీడిపిక్క పెంకులో ఒక నూనె వుంటుంది, అది తగిలితే చర్మం కాలుతుంది, పొక్కుతుంది, పొరలు పొరలుగా వూడిపోతుంది. ఏళ్ల తరబడి పిక్కలు కొట్టినవాళ్ల వేళ్లు చూస్తే, మనకి వుండే సుడులూ గీతలూ కనిపించవు, అరిగిన రాయిలా నున్నగా వుంటాయి. పిన్ని వాళ్ల పెరటి గదిలో అద్దెకుండే ఆవిడ వేళ్లు అలాంటివి.

ఒకసారి నేను అక్కడున్నప్పుడు ఆవిడ వెంట రేషను డిపోకి వెళ్లాను. మిషను మీద వేలు పెట్టింది. ఒప్పుకోలేదు. ఇంకో వేలు. ఒప్పుకోలేదు. చీర చెంగుకి తుడుచుకుని మళ్లీ పెట్టింది. పదివేళ్లూ అయ్యాయి. ఇంకో దారి వుంది, ఓటీపీ. అది వచ్చే ఫోనేమో విశాఖపట్నంలో పనికెళ్లిన కొడుకు దగ్గర. డిపోలో వున్నతను ఆవిడని చిన్నప్పటి నుంచీ ఎరుగున్నవాడే, అయినా అతనేం చేస్తాడు? ఆవిడ నావైపు తిరిగి, "నాను నానే గదమ్మా. మిసను కాదంతంది" అంది.

తిరిగి వస్తూ ఆలోచించాను. నా వంటింట్లో ఏ రబ్బరు సాగిందో తెలిసిపోయే లోకంలోనే, ఒక మనిషి ఎదురుగా నిలబడి 'నేనే' అన్నా తెలియని యంత్రం వుంది. కొనగలిగే నా గురించి అడక్కుండానే అన్నీ తెలుసు. కిలోల బియ్యం కోసం వచ్చిన ఆవిడ మాత్రం తను తనేనని రుజువు చేసుకోవాలి.

ఈ వేలిముద్రల చరిత్రలోనే అపనమ్మకం వుంది. 1858లో బెంగాలులో విలియం హెర్షెల్ అనే దొర ఒక కంట్రాక్టరుతో ఒప్పందం రాయించుకుంటూ, రేపు 'ఈ సంతకం నాది కాదు' అనకుండా అతని అరచేతి ముద్ర వేయించుకున్నాడు. మన గురజాడ వారి 'కన్యాశుల్కం' తొలిసారి అచ్చయిన 1897లోనే కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం పెట్టారు. ఆ ముద్రలని వర్గాలుగా విడదీసే లెక్క కట్టింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే మనవాళ్లే. పోనీ వేలిముద్ర దొంగలకి అందనిదా అంటే అదీ కాదు. 2018లో తెలంగాణలో పెద్దపల్లి ప్రాంతంలో ఒకతను, రిజిస్ట్రేషను దస్తావేజుల మీదున్న వేలిముద్రలని రబ్బరు స్టాంపుల్లా తయారుచేసి, వాటితో కుప్పలుగా సిమ్ కార్డులు తెరిచి పట్టుబడ్డాడు. జీడిపిక్కలు కొట్టే ఆవిడకి తన వేలు తనకే పనికిరాలేదు, ఎవరివో వేళ్లు ఇంకెవరికో పనికొచ్చాయి. తాళం పోతే మార్చుకుంటాం. వేలు మార్చుకోగలమా?

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇంతసేపూ దాన్ని దాటేస్తున్నానని మీరు కనిపెట్టే వుంటారు.

ఆ రాత్రి పెరట్లో కూచుని ఆవిడ తన బతుకులో ఒక సంగతి నాకు చెప్పింది. అంతకుముందు ఎవరికీ చెప్పలేదట. నేను కళ్లొత్తుకున్నాను, ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. రచయిత్రిని కదా... ఇంటికొచ్చి నోటు పుస్తకంలో రాసుకున్నాను! మరుసటి ఏడాది ఒక వారపత్రికలో నా సీరియల్లో అది వచ్చింది. పేరు మార్చాను, ఊరు మార్చాను, జీడిపప్పుని జనపనార చేశాను. మెచ్చుకుంటూ ఉత్తరాలొచ్చాయి. 'ఆ ఘట్టం చదివి ఏడ్చేశాం' అన్నారు. నేను పొంగిపోయాను.

ఆ వీధిలో ఎవరో అమ్మాయి ఆ సీరియల్ ఆవిడకి చదివి వినిపించింది. వేసవిలో నేను వెళ్లినప్పుడు ఆవిడ తిట్టలేదు. అరవలేదు. గుమ్మంలో నిలబడి ఒక్కమాట అంది.

"నాను నీకు సెప్పినానమ్మా. ఊరికి సెప్పలేదు."

పేరు మార్చానన్నాను. ఎవరికీ తెలీదన్నాను. చాలామందికి కష్టం అర్థమైందన్నాను. అన్నీ నిజాలే, ఒక్కటీ జవాబు కాదు. 'నీ పేరు లేకుండానే వాడుకుంటాం, అందరి మేలు కోసమే వాడుకుంటాం' అని ఫోనులో చిన్నక్షరాలతో రాసుండే మాటలకీ, నా మాటలకీ తేడా ఏముందో నాకు కనబడలేదు.

ఆవిడ అన్నదాంట్లో ఈ ప్రశ్న మొత్తం ఇమిడి వుంది. దాచడం, దాచకపోవడం కాదు సంగతి. ఎవరికి చెప్పాను, దేనికోసం చెప్పాను అన్నది సంగతి. డాక్టరుకి చెప్పింది పెళ్లిళ్ల పేరయ్యకి చేరకూడదు. బియ్యం కోసం ఇచ్చిన వేలు ఇంకెక్కడో చెలామణీ కాకూడదు. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సారాంశంలో ఒక ముఖ్యమైన ముక్క ఇదే: ఏ పనికని అడిగి తీసుకున్నారో ఆ పనికే వాడాలి. 2025 నవంబరులో దాని నిబంధనలు వెలువడ్డాయి. ప్రభుత్వానికి అందులో చాలా మినహాయింపులున్నాయని పెద్దలు అభ్యంతరం చెబుతున్నారు, అదీ ఆలోచించవలసిందే. కానీ చట్టం మన ఇళ్లలోకి వచ్చి చూడదు కదా!

పక్కింటి అమ్మాయి సంబంధం చెడిపోయిన కథ మధ్యాహ్నానికల్లా మూడు వాట్సాప్ గ్రూపుల్లో తిప్పేది మనమే. అమ్మాయి ఫోను ఆమె స్నానానికి వెళ్లినప్పుడు తెరిచి చూసి, 'తల్లిని, నాకు హక్కు లేదా?' అనేది మనమే. జిరాక్సు కొట్లో సరిగా పడని ఆధార్ కాపీని అక్కడే వదిలేసి వచ్చేదీ మనమే. మన వేలిముద్రలకి మనమే తాళం వేసుకునే వీలు ఆధార్ వాళ్లు ఇచ్చారు. మా అబ్బాయి చేత అత్తగారికీ, మావారికీ, నాకూ వేయించాను. దానికి రెండు నిమిషాలు పట్టింది. నోటికి తాళం వేసుకోవడానికి ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేను.

నా చిక్కు ఇంకా తీరలేదు. ఇతరుల బతుకులు తాకకుండా నవల రాయడం ఎవరి తరమూ కాదు. గురజాడ వారికయినా విజయనగరం వీధులే కదా మనుషుల్నిచ్చాయి! అన్నీ అడిగి రాస్తే కొన్ని నిజాలు ఎప్పటికీ బయటికి రావు. అడక్కుండా రాస్తే ఒక మనిషి గుమ్మంలో నిలబడి అడిగే ప్రశ్నకి జవాబుండదు. ఏది పెద్ద తప్పో మీరే చెప్పండి. నేను మాత్రం ఆ రోజు ఆవిడని క్షమించమని అడిగాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "ఇంకోపాలి నా గురించి రాస్తే ముందు నాకు సదివి ఇనిపించు" అంది.

అందుకే ఈ వ్యాసం పంపించే ముందు మొత్తం ఆవిడకి ఫోనులో చదివి వినిపించాను. రేషను డిపో దగ్గర నవ్వింది. జీడిపప్పుని జనపనార చేశానన్న చోట ఇంకా నవ్వింది. అంతా విని, ఒక్క వాక్యం తీసెయ్యమంది.

తీసేశాను.