ఎండకు పండిన రంగు

గిద్దలూరులో మా అక్కావాళ్ళ ముందుగదిలో, పడమటి కిటికీ పక్కన ఒక లావా ల్యాంపు ఉంది. ఎప్పుడూ చూడనివాళ్ళ కోసం చెప్తున్నా: అడుగున బల్బు, పైన సీసా, సీసా నిండా నీళ్ళు, నీళ్ళలో రంగు మైనం. బల్బు వేడికి మైనం కరిగి వ్యాకోచిస్తుంది. నీళ్ళకన్నా ఓ పిసరు తేలికై పైకి లేస్తుంది, పైన చల్లారి మళ్ళీ దిగుతుంది. అంతే సంగతి. ఎడ్వర్డ్ క్రేవెన్ వాకర్ అనే ఇంగ్లీషాయన 1963లో దీన్ని అమ్మకానికి పెట్టాడు. ఒక పబ్బులో కోడిగుడ్డు ఉడికే టైము చూసుకోడానికి ఎవరో చేసిపెట్టుకున్న పరికరం చూసి ఆయనకు ఈ ఆలోచన పుట్టిందట.

మా మేనల్లుడు ఉద్యోగంలో చేరిన కొత్తలో దీన్ని అమెరికా నుంచి తెచ్చాడు. బావ ఉన్నన్నాళ్ళూ సాయంత్రం వార్తలు అయిపోగానే టీవీ కట్టేసి, దీన్ని వేసుకుని కూర్చునేవాడు. రామాయణం చదవమంటే బద్ధకం, ఈ మైనం ముద్దల్ని మాత్రం గంటలకొద్దీ చూస్తాడని అక్క ఫిర్యాదు.

బావ పోయాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు దాన్ని ఎవరూ వెయ్యలేదు. వేసేసరికి ఏముంది, ఒకప్పుడు ఎర్రగా ఉండి ఏళ్ళుగా వెలుస్తూ వచ్చిన మైనం లేత నారింజకు దిగింది. ఊదారంగు నీళ్ళు కలినీళ్ళలా మసకబారాయి. "ఒరే తమ్ముడూ, ఊరందరి పిల్లలకీ సైన్సు చెప్పావు గదా, దీని సంగతేందో చూడరా" అంది అక్క. కొత్తది పంపిస్తానని మేనల్లుడు ఫోన్లో చెప్పినా ఆమె ఒప్పుకోలేదు.

సరే, ఏ రంగుకు తేవాలి? మేనల్లుడికి గుర్తున్నది కొన్ననాటి ఎరుపు. అక్కకు ఆ ఎరుపు గుర్తే లేదు. బావ మంచం పట్టకముందు రెండు మూడేళ్ళు గదిలో వెలిగిన నారింజే ఆమెకు దాని అసలు రంగు. ఇద్దరూ పాతదే కావాలంటున్నారు, ఇద్దరి పాతా ఒకటి కాదు.

ఇలాంటి తగువు మన తార్కికులు ఏనాడో పెట్టుకున్నారు. నల్లటి పచ్చికుండ ఆవంలో కాలి ఎర్రగా బయటికొస్తే, అది లోపలికి వెళ్ళిన కుండేనా? వైశేషికులు కాదంటారు. నిప్పు తగలగానే కుండ పరమాణువులుగా విడిపోతుంది, ఆ పరమాణువుల్లో నలుపు పోయి ఎరుపు పుడుతుంది, అవి మళ్ళీ చేరి కొత్త కుండ అవుతుంది అని వాళ్ళ పీలుపాకవాదం. ఇదంతా తొమ్మిది క్షణాల్లో అయిపోతుందని లెక్క కూడా కట్టారు. నైయాయికులది పిఠరపాకవాదం. కుండ కుండగానే ఉంటుంది, లోపలా బయటా రంగే మారుతుంది. ఆవం కంతలోంచి తొంగిచూస్తే పేర్చిన కుండలు పేర్చినట్టే కనిపిస్తున్నాయి గదా, మధ్యలో విడిపోతే పైవి కూలవా అని వాళ్ళు నిలదీస్తారు. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు, మన తెలుగువాడే, తన దీపికలో ఈ రెండు పక్షాలూ చెప్తాడు. కంతలోంచి తొంగిచూడమన్న వాళ్ళంటేనే నాకు గురి. బడిపంతులు బుద్ధి ఎక్కడికి పోతుంది!

అయితే నన్ను ఆపింది ఆ తగువు కాదు, దానికి ముందు ఇద్దరూ కలిసి ఒప్పుకున్న సంగతి. తేజస్సు తగిలి రంగూ రుచీ వాసనా స్పర్శా మారడం ఏదైనా పాకమే. ఆవంలో కుండ కాలడం, చెట్టున మామిడికాయ పండటం వాళ్ళకు ఒకే ఖాతా. మరి గిద్దలూరు పడమటి ఎండ తేజస్సు కాదా? ఎండలోని అతినీలలోహిత కిరణాలు రంగు అణువుల్లోని బంధాలను తెంచుతాయి, తెగిన అణువు మునుపు పీల్చుకున్న కాంతిని ఇక పీల్చుకోలేదు, మన కంటికి వెలిసినట్టు కనిపిస్తుంది. మైనానికేమీ కాలేదు. ఆ లెక్కన మా అక్క ల్యాంపు పండింది. మా మార్కాపురం పలకరాయిదీ ఇదే కథ. వంద కోట్ల ఏళ్ళకు ముందటి బురద, భూగర్భపు వేడికీ ఒత్తిడికీ రాయిగా మారింది. దాన్ని పాడైన బురద అని ఎవరూ అనలేదు, ఫ్రేములు బిగించి దేశమంతా అమ్ముకున్నాం.

నీళ్ళ సంగతి వేరు. ఆ మసకను పండటం అంటే తార్కికులు నవ్విపోతారు. అది పాచిపోవడం. అందుకని నీళ్ళు మార్చి, మైనం జోలికి పోకూడదనుకున్నాను.

మైనం పూర్తిగా గట్టిపడ్డాక మూత విప్పి పాత నీళ్ళు వంపేశాను. మా పశ్చిమ ప్రకాశం బోరు నీళ్ళు దీనికి పనికిరావు. వాటిలోని లవణాలు సీసాను ఊరికే వదుల్తాయా? ఇన్వర్టరు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ క్యాను తెచ్చి పోశాను. ఒక్క నీళ్ళతో మైనం సరిగ్గా లేవదు. ఎప్సం ఉప్పు విడిగా కరిగించి పెట్టుకుని, ల్యాంపు బాగా వేడెక్కి ఉన్నప్పుడే చుక్క చుక్కగా కలపాలి. కలిపాక ఆగి చూడాలి. చుక్కలు తక్కువైతే మైనం అడుగునే గుడ్లురుముతూ కూర్చుంటుంది. నాలుగు ఎక్కువైతే మొత్తం పైకి పోయి మూత కింద వేలాడుతుంది, ఇక దిగిరాదు. ఆ రెండిటి మధ్య ఉన్న ఇరుకు సందులోనే దాని నడకంతా. మైనం నీళ్ళలో విడివిడిగా జారడానికి ఓ బొట్టు సబ్బునీళ్ళు కూడా పడాలి.

బల్బు ఇంకో తంటా. "ఎల్‌ఈడీ తీస్కో సారూ, కరెంటు మిగుల్తది" అన్నాడు షాపతను. కరెంటు మిగిలితే ల్యాంపు మిగలదు. వృథా అని మనం వదిలించుకున్న ఆ వేడే దీనికి కావాలి. పాత తీగ బల్బు, నలభై వాట్లది, అటక మీంచి దుమ్ము దులిపి ఇచ్చాడు.

మా వీధి అర్చకస్వామికి ఇదంతా చెప్తే, "అయితే కళాకర్షణ చెయ్యకుండానే మూత విప్పావన్నమాట" అని నవ్వాడు. పరాచికమే గానీ నన్ను పట్టుకుంది. ఆగమాల ప్రకారం గుడికి జీర్ణోద్ధరణ చెయ్యాలంటే ముందు మూలమూర్తిలోని కళల్ని కుంభంలోకి ఆవాహన చేస్తారు. బాలాలయం కట్టి, పని ముగిసేదాకా నిత్యపూజలు అక్కడ చేస్తారు. తిరుమలలో పన్నెండేళ్ళకోసారి జరిగే మహాసంప్రోక్షణలో, 2018 ఆగస్టులోనూ, ఇదే వరస. ఉలి తగలబోయే రాయిలో ఆ సమయానికి దేవుడు ఉండడు, అయినా పూజ ఒక్క పూట కూడా ఆగదు. శాస్త్రం దేన్ని కాపాడాలనుకుందో అక్కడ తెలుస్తుంది. అందుకే మన గోపురాలకు మళ్ళీ మళ్ళీ రంగులు వేస్తారు, పోయినసారి ఏ రంగు వేశారని ఎవరూ అడగరు. ఆ ఎనామిల్ పచ్చలూ నీలాలూ చూసి ముఖం చిట్లించే పెద్దమనుషులు ఉన్నారు. నాకు వాటితో పేచీ లేదు.

గిద్దలూరుకు దగ్గర్లోనే దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి ఉంది. సత్యవోలులో చాళుక్యుల నాటి రామలింగేశ్వర, భీమలింగేశ్వర ఆలయాలు. వాటికి వెల్ల వెయ్యరు, రంగు పుయ్యరు, విరిగిన ముక్కుకు సిమెంటు ముక్కు పెట్టరు. పురావస్తు శాఖవాళ్ళకు అప్పటి వాళ్ళ అధిపతి జాన్ మార్షల్ 1923లో రాసిపెట్టిన పద్ధతి ఇది: ఉన్నదాన్ని నిలబెట్టండి, పోయినదాన్ని ఊహించి కట్టకండి. గోపురానికి పూజ నడవాలి, సత్యవోలుకు రాయి నిలవాలి. అక్క ల్యాంపులో నేను నీళ్ళకు గోపురం న్యాయం, మైనానికి సత్యవోలు న్యాయం చేశాను. ఒకే సీసాలో రెండు న్యాయాలేంటని స్వామి అడిగితే నా దగ్గర జవాబు లేదు. మైనం లేచి దిగుతోంది, నారింజగానే ఉంది.

మేనల్లుడి అభ్యంతరం ఇంతకన్నా గట్టిది. "పండింది అంటున్నావు బానే ఉంది మామా. పండు అక్కడితో ఆగదు గదా, కుళ్ళుతుంది. ఇంకో పదేళ్ళకి ఆ మైనం తెల్లగా అయిపోతే అప్పుడేమంటావు?" నిజమే. పాకానికి ఇక్కడ ఆగు అనే గీత తార్కికులు కూడా గీసిపెట్టలేదు. కిటికీకి పరదా కట్టమని అక్కకు చెప్పాను. అంటే ఎండ చేసిన పనిని మెచ్చుకుంటూనే ఎండను బయటికి పంపాను. ఇందులో తిరకాసు ఉందని నాకు తెలుసు. మామిడిపండును కూడా పండగానే కోసి నీడన పెట్టుకుంటాం గదా అని సర్దిచెప్పుకున్నాను. మేనల్లుడు సర్దుకోలేదు.

ఇక వాడకం సంగతి. మే నెలలో మా దగ్గర గది కూడా కాలిపోతుంటుంది, సీసా పైభాగం చల్లారక మైనం పైనే ఉండిపోతుంది. ఏ కాలంలోనైనా ఎనిమిది పది గంటలకు మించి వెలిగించకూడదు. మొన్న శివరాత్రికి త్రిపురాంతకం కొండెక్కే ఓపిక లేక అక్క ఇంట్లోనే జాగారం చేసింది. రాత్రంతా దీన్ని వేసుకోవచ్చా అని అడిగింది. మధ్యాహ్నం నుంచీ వెలుగుతోంది, అర్ధరాత్రికి కట్టెయ్యాలి అక్కా అన్నాను, నొచ్చుకుంటుందేమోనని కొంచెం నసుగుతూ. "దానికేంలే, కట్టెయ్యి. దేవుడి దీపమా ఏంది" అని, పూజగదిలోకి పోయి కుందిలో నూనె పోసొచ్చింది. మేనల్లుడు డిసెంబర్లో వస్తున్నాడు. మైనంలో కలిపే ఎర్రరంగు పొట్లం ఇప్పటికే కొనేశాడట.