ఇద్దరిలో బలహీనుడు

అమడపిల్లలు పుట్టిరని విన్నప్పుడు మన పెద్దలు సంతోషించుచునే మెల్లగా అడుగుదురు: "ఇద్దరును దక్కుదురా?" ఆ భయము ఊరక పుట్టినది కాదు. అనేక దేశములలో సగముమందికి పైగా అమడలు 37 వారములు నిండకముందే పుట్టుచున్నారు. అట్టి బిడ్డకు ఊపిరితిత్తులు ముదిరియుండవు. ఒంటిమీద కొవ్వు లేక త్వరగా చల్లబడును. పాలు చీకుటకు బలము చాలదు.

అప్పుడు ఇంటిలో ఒక మాట పుట్టును, ఎవరును గట్టిగా అనరు. బలమైనవానిని నిలుపుకొందము, రెండవది ఎట్లును నిలువదు. ఆ రెండవది ఆడపిల్లయైతే ఆ మాట ఇంకను త్వరగా వచ్చును. ఇది క్రూరుల మాటయే కాదు. అలసిన తల్లియు అప్పుచేసిన తండ్రియు అనుమాట. కనుక దానిని ఊరక గద్దింపక విచారింతము.

తామారు ప్రసవించునప్పుడు మంత్రసాని ముందుగా చేయి చాపిన బిడ్డకు ఎఱ్ఱ నూలు కట్టెను. అయితే రెండవవాడే ముందు పుట్టెను. మనము కట్టు గురుతులును అట్టివే.

పంచవలసినది కొంచెమే అని ఆ లెక్క ముందే ఒప్పుకొనుచున్నది. అది నిజమా? 1978లో కొలంబియా దేశపు బొగొటాలో వెచ్చని పెట్టెలు చాలక, ఎడ్గర్ రే అను వైద్యుడు బిడ్డలను తల్లుల రొమ్మునకే ఆనించి కట్టించెను. ఇండియాలోను నాలుగు ఆఫ్రికా దేశములలోను ఆసుపత్రులందు పుట్టిన వెంటనే ఇట్లు చేసి చూచిరి, 1.8 కిలోలకు తక్కువ తూగిన బిడ్డలలో మరణములు నూటికి సుమారు 16 నుండి 12కు తగ్గెనని 2021లో ప్రకటించిరి. ఇది ఆసుపత్రికి బదులు కాదు; ఊపిరి ఎగబోయు బిడ్డను ఆదోనికో కర్నూలుకో వెంటనే చేర్చవలెను. అయినను వెచ్చదనమునకు తండ్రి రొమ్మును, అవ్వ రొమ్మును పనికివచ్చును.

నిజముగా కొరతపడునది తల్లి బలమే. ఇంటివారు సుగ్గికి గుంటూరు పోయినప్పుడు కోసిగిలో మిగులునది అవ్వయే. ఆమె ఒక బిడ్డను కట్టుకొని కూర్చుండవలెనంటే ఆమె బిందెను మరియొకరు మోయవలెను. ఆ మరియొకరు నీవే కావచ్చును.

ఇంత చేసినను ఒక్కొకప్పుడు బిడ్డ దక్కదు. అప్పుడు పట్టిన పాలు వ్యర్థమాయెనా? బ్రదుకునను హామీ యున్నప్పుడే అది బిడ్డయగునా?

మరియొక సంగతి. 34 వారములకు ముందు పుట్టినను, రెండు కిలోలకు తక్కువ తూగినను, 30 దినములు నిండకమునుపే కంటి లోపలి పొరను పరీక్ష చేయించవలెను. పైకి కన్ను బాగుగానే కనబడును. ఇద్దరినీ తీసికొనిపొండి, బలముగా నున్నవానిని కూడ.