వాగు దగ్గర వెనుదిరిగితే భక్తి తక్కువైనట్టా?

2021 సెప్టెంబర్ 7న సిరిసిల్ల పట్టణంలో వీధులే వాగులైనయి. ఇంకో మూడు రోజుల్లో వినాయక చవితి. హైదరాబాద్ నుంచి ఆ దారినే కోరుట్ల, జగిత్యాల వైపు ఇంటికి పోవాలంటే మనసు ఏమంటది? "అమ్మ ఎదురుచూస్తది, దేవుడున్నడు, దాటేద్దాం" అంటది.

ఆలోచించండి. అడుగు లోతు పారే నీరు చిన్న కారును తేల్చేయగలదు. రెండడుగులైతే చాలా బండ్లు కొట్టుకుపోతాయి. పిల్లలను వెనుక సీట్లో పెట్టుకొని అలాంటి కల్వర్టు దాటడం విశ్వాసం కాదండి, దేవుడికి పరీక్ష పెట్టడం.

మరి అమ్మకిచ్చిన మాట? ఆ మాటలో "క్షేమంగా వస్తా" అన్నది కూడా ఉంది. ఫోన్ చేసి చెప్పండి. ఆగినచోటే పసుపు గణపతిని చేసి, గరిక పెట్టి మొక్కండి. వాగు తగ్గినాక పోవచ్చు. నిమజ్జనం దాకా పండుగే కదా.