పేరు పెట్టి పిలుచు కాపరి

ధ్యానమునకు: 1 దినవృత్తాంతములు 4:9-10, యోహాను 10:3, ప్రకటన 3:1-6



బాప్తిస్మపు తరగతికి పిల్లల పేర్లు వ్రాసికొనుచుండగా ఒక చిన్నది మా బల్లయొద్దకు వచ్చి నిలిచెను. ఆ బిడ్డను మేమెరుగుదుము, అయినను పుస్తకములో వ్రాయుటకై "నీ నిండు పేరేమి తల్లీ?" అని అడిగితిమి. ఆమె తల వంచుకొనెను. వెనుకనున్న పిల్లలు నవ్విరి. "చాలమ్మే, అయ్యగారూ" అని మెల్లగా చెప్పెను. ఆ యింట నలుగురు ఆడపిల్లల తరువాత ఐదవదిగా పుట్టిన బిడ్డ. ఇక ఆడపిల్లలు చాలునని నాయనమ్మ ఆ పేరు పెట్టెనట. ఇన్ని యేండ్లు మేమును ఆ పేరుతోనే పిలిచితిమి. పిలిచిన ప్రతిసారియు "నీవు మాకు అక్కరలేదు" అని చెప్పినట్లే గదా! ఆ రాత్రి ఈ తలంపు మమ్మును విడువలేదు.

మరునాటి సాయంకాలము మన గుడిలో కీబోర్డు వాయించు యౌవనస్థుడు తన ఫోనులో పియానో సంగీతము మాకు వినిపించెను. పియానో మన హార్మోనియము వంటిది కాదు. హార్మోనియములో గాలి పలుకును. పియానోలో 88 మెట్లుండును, మెట్టు నొక్కినప్పుడు లోపల మెత్తని గుడ్డ చుట్టిన చిన్న కొయ్యసుత్తి ఉక్కు తీగెను కొట్టును. ఆ సంగీతము శాంతముగాను గంభీరముగాను ఉండెను. "ఎవరు వాయించిరి?" అని అడుగగా, "టర్కీ దేశపు స్త్రీ అయ్యగారూ, పేరు ఇదిల్ బిరెత్" అనెను. పేర్ల సంగతియే మా మనస్సులో నుండుటచేత ఆ పేరునకు అర్థమేమని విచారించితిమి. టర్కీ జాతులవారి భాషలలో ఇదిల్ అనగా రష్యా దేశములో ప్రవహించు ఓల్గా నది. ఐరోపా ఖండములో అన్నిటికంటె పొడవైన నది అదియే. టర్కీ భాషలో ఇదిల్ అను మాటకు మరియొక అర్థము కూడ గలదు: గొఱ్ఱెల కాపరుల సాదా బ్రతుకును పాడు చిన్న కావ్యము. ఒక బిడ్డను పిలుచుటకు ఎంత చక్కని మాట!

ఈమె 1941లో అంకారా పట్టణమున పుట్టెను. చిన్ననాడే ఆమెలోని వరము పెద్దల కంటబడెను. అయితే అట్టి బిడ్డకు తగిన చదువు అప్పుడా దేశమున లేకుండెను. 1948లో ఆ దేశపు శాసనసభ ఒక చట్టము చేసెను. ఇద్దరు బిడ్డలను సంగీత విద్యకై పరదేశము పంపుటకే ఆ చట్టము. ఒకరు ఏడేండ్లయినను నిండని ఇదిల్. రెండవవారు వయొలిను వాయించు సునా కాన్. ఈ సునా, అపొస్తలుడైన పౌలు పుట్టిన తార్సుకు సమీపముననున్న అదనా పట్టణములో 1936లో పుట్టి, గొప్ప విద్వాంసురాలై 2023లో కన్నుమూసెను. సునా అనగా అడవి బాతు. ఆ దేశపు జానపదులు అందగత్తెను ఆ మాటతో పొగడుదురు. ఆ యిద్దరు ఆడపిల్లల పేర్లు చట్టము యొక్క శీర్షికలోనే వ్రాయబడినవి. అటుతరువాత 1956లో మరియొక చట్టము చేసి, అట్టి వరముగల ఇతర బిడ్డలకును ఆ మార్గము తెరచిరి. ఇద్దరిని పేరు పెట్టి పిలిచిన పిలుపు అనేకులకు ద్వారమాయెను.

ప్రియులారా, ఆలోచించుడి. ఒక దేశమంతయు ఒక ఆడపిల్ల కొరకు నిలిచి ఆమె పేరు చట్టములో వ్రాసెను. మన యిండ్లలోనో, ఆడపిల్ల పేరు పలక మీదనుండి ముందుగా తుడువబడుచున్నది.

ఇట్లు వ్రాయుటచేత ఆ దేశమువారందరు ఆడపిల్లలను ఆదరించిరని, మనమే పాపులమని తలంచవద్దు. ఆ దేశములోను యెతెర్ అను ఆడపేరు గలదు. ఆ మాటకు అర్థము "చాలును" అనియే! ఆడపిల్లల తరువాత ఆడపిల్ల పుట్టినప్పుడు ఆ పేరు పెట్టు ఆచారము అక్కడను ఉన్నది. ఈ సంగతి తెలిసినప్పుడు మాకు ఆశ్చర్యమును దుఃఖమును కలిగెను. వేల మైళ్ల దూరమున, వేరు భాషలో, వేరు మతములో, అదే నిట్టూర్పు. బిడ్డలు పుట్టి చనిపోవు యింట మనవారు పెంటయ్య అనియు, పుల్లయ్య అనియు పిలిచి చావు కన్నుగప్ప జూచినట్లే, అక్కడివారు దుర్సున్ అని పేరు పెట్టుదురు. "నిలుచును గాక" అని దాని భావము. యశార్ అను పేరు కూడ గలదు. "జీవించును" అని దాని అర్థము. తల్లిదండ్రుల భయమును ఆశయు ఇట్లు పేర్లలో దాగియుండును.

ఈ యశార్ అను పేరు మమ్మును సార్దీసు సంఘమునకు నడిపించెను. ప్రకటన గ్రంథములోని ఏడు సంఘములును నేటి టర్కీ దేశములోనివే గదా. సార్దీసు శిథిలములు సార్త్ అను గ్రామమునొద్ద నేటికిని కనబడుచున్నవి. ఆ సంఘముతో ప్రభువు చెప్పిన మాట గుండెను కోయునట్టిది: జీవించుచున్నదను పేరు దానికున్నది గాని అది చచ్చినదే. పేరు మంచిది, లోపల ప్రాణము లేదు. దయామణి అను పేరు పెట్టుకొని కోడలిని ఏడిపించువారు, శాంతయ్య అని పిలిపించుకొని గట్టు తగవులతో కోర్టుల చుట్టు తిరుగువారు మన సంఘములలో లేరా? మేము కాపరియని పిలువబడుచు ఒక గొఱ్ఱెపిల్ల తల వంచుకొనుట ఇన్నాళ్లు చూడకపోతిమి. ఈ మాట మొదట మాకే తగులుచున్నది.

పేరు ఒక్క దినమున పెట్టబడును. దానికి తగిన బ్రతుకు దినదినము కట్టవలెను. ఇదిల్ పేరు చట్టములో వ్రాయబడినంత మాత్రమున ఆమె వ్రేళ్లకు విద్య రాలేదు. పారిస్ సంగీత కళాశాలలో కష్టపడి చదివి, 15 ఏండ్ల వయస్సున మూడు ప్రథమ బహుమతులతో ఆ చదువు ముగించెను. 1953లో, 11 ఏండ్ల ప్రాయమున, విల్‌హెల్మ్ కెంఫ్ అను జర్మను విద్వాంసుని ప్రక్కన కూర్చుండి, రెండు పియానోల కొరకు మొజార్టు వ్రాసిన సంగీతమును పారిస్‌లో వాయించెను. పెద్దదైన తరువాత షోపెన్ పియానో రచనలన్నిటిని, బేతోవెన్ 32 సొనాటాలను వాయించి రికార్డు చేయించెను. ఇది ఒక దినపు పని కాదు. నది అను పేరు గలది నదివలె నిలువక సాగవలసి వచ్చెను.

ఇక తల్లి దుఃఖమునుబట్టి పేరు పొందిన యబ్బేజును జ్ఞాపకము చేసికొనుడి. వేదనతో కంటినని తల్లి ఆ పేరు పెట్టెను. అతడు పేరు క్రింద కుంగిపోలేదు. ఇశ్రాయేలు దేవునికి మొఱ్ఱపెట్టెను, దేవుడు అతని మనవి ఆలకించెను. మనుష్యులు పెట్టిన పేరు దేవుని చేతిని కట్టివేయజాలదు.

ఈ సంగతులన్నియు మనస్సున నుంచుకొని మేము ఆ చిన్నదాని యింటికి వెళ్లితిమి. తండ్రి గడప యొద్ద కూర్చుండి విని, "పేరు మార్చుమనెదరా, అయ్యగారూ? మార్చుదము" అనెను. "పేరు మార్చుట సులభము, నాయనా. వచ్చే యేడు బడి మాన్పించి పత్తిచేలకు పంపెదమనుచున్నారట గదా? రత్నమ్మ అని పిలిచి బడి మాన్పించినయెడల అది సార్దీసు పేరే" అని చెప్పితిమి. అతడు చాలసేపు మాటలాడలేదు. తల్లి కొంగుతో కన్నులు తుడుచుకొని, "నాకు జ్వరము వచ్చినప్పుడు నలుగురిలో నాయొద్ద కూర్చున్నది ఇదే, అయ్యగారూ" అనెను. కడకు తండ్రి, "బడి మాన్పించము" అనెను. ఆ మాట నిలుపుకొనుటకు సంఘమంతయు అతనికి తోడుపడవలెను. పుస్తకములకు బట్టలకు కావలసినది మనము చూడవలెను.

బయలుదేరునప్పుడు ఆ బిడ్డ, "మరి నా పేరో, అయ్యగారూ?" అని అడిగెను. మేము ఆమెకు తార్సువాడైన పౌలు సంగతి చెప్పితిమి. ముల్లు తీసివేయుమని ముమ్మారు వేడుకొనగా, ప్రభువు తన కృపయే అతనికి చాలునని సెలవిచ్చెను (2 కొరింథీయులకు 12:9). "మీ నాయనమ్మ 'చాలు' అన్నది విసుగుతో, ప్రభువు 'చాలు' అన్నది ప్రేమతో. క్రొత్త పేరు కావలెనన్న ఇచ్చెదము. ఈ పేరే ఉంచుకొందునన్న ఆ రెండవ అర్థముతో ఉంచుకొనుము. నీవే తేల్చుకొనుము తల్లీ" అంటిమి. ఆ బిడ్డ మొదటిసారి తల యెత్తి నవ్వెను. ఇంకను ఆలోచించుచున్నది. పుస్తకములో ఆమె పేరునకు ఖాళీ ఉంచితిమి.

సంఘస్థులారా, ఈ నెలలో ఒక పని చేయుడి. మీ యింటి బిడ్డలను, మీ పనివారిని మీరు ఏ పేరుతో, ఏ స్వరముతో పిలుచుచున్నారో ఒక దినమంతయు గమనించుడి. మంచి కాపరి మనలను ఎట్లు పిలుచుచున్నాడో అట్లు పిలుచుటకు ఆయనే మనకు కృప ననుగ్రహించును గాక. ఆమేన్.