విలువల ఖర్చు ఎవరి ఖాతాలో?

‘నిజాయితీగా వ్యాపారం చేస్తే చివరికి లాభమే’ అనేవాళ్ల మాట నాకు పూర్తిగా మింగుడుపడదు. పేచీ నిజాయితీతో కాదు, ఆ ‘లాభమే’తో. లాభం వస్తుందని నిజాయితీగా ఉంటే, లాభం రాని రోజున ఏం చేయాలి?

ప్రశ్న పాతదే. ఇమ్మాన్యుయేల్ కాంట్ 1785లో అచ్చయిన నీతిశాస్త్ర గ్రంథంలో ఒక కొట్టువాడి ఉదాహరణ ఇస్తాడు. బేరం తెలియని చిన్నపిల్లాడు వచ్చినా ఆ కొట్టువాడు ఎక్కువ తీసుకోడు. అందరికీ ఒకే ధర. మంచిదే. కానీ పేరు పోతే బేరాలు పోతాయన్న లెక్కతో అలా ఉంటున్నాడేమో! అలాగైతే అతను చేసింది ధర్మానికి తగ్గట్టుగా ఉందే గాని ధర్మం కోసం చేసింది కాదంటాడు కాంట్.

విద్యానగర్‌లో నాకో చిన్న డీటీపీ సెంటర్ ఉంది. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటర్, స్పైరల్ బైండింగ్ మెషీన్, నాతోపాటు పనిచేసే ఒకమ్మాయి. ఆ కుర్చీలో కూర్చుంటే కాంట్ అడిగినట్టు ఉద్దేశాల్ని విడదీయడం కుదరదు. సరైన రేటు చెప్పినప్పుడు అది ధర్మమా, మనిషి మళ్లీ వస్తాడన్న ఆశా? రెండూనూ. ఏది ఎంతో తూచే కాటా నా దగ్గర లేదు. అందుకని ఆ ప్రశ్నని కొంచెం మార్చుకున్నాను: మళ్లీ రాని కస్టమర్‌తో ఎలా ఉంటున్నాను?

మా దగ్గరికొచ్చే రచయితల్లో చాలామందికి అది మొదటి పుస్తకం. బహుశా చివరిది కూడా. రిటైరైన మాస్టారు ముప్ఫై ఏళ్లుగా రాసుకున్న కవితలు సంచీలో పట్టుకొస్తారు. ఫారం అంటే పదహారు పేజీలని, 96 పేజీలైతే సరిగ్గా 6 ఫారాలని, ఇంకో రెండు పేజీలు పెరిగితే అర ఫారమో ఫారమో అదనంగా పడుతుందని ఆయనకి తెలీదు. తెలీదన్న సంగతి నాకు తెలుసు. మా వ్యాపారమంతా ఆ సందులోనే ఉంది. బెండకాయలు కొనేవాళ్లు కొస విరిచి చూసుకుంటారు. పేజీ మేకప్ కొనేవాళ్లు ఏం విరిచి చూస్తారు?

ఫైలు సంగతీ అంతే. తెలుగు పుస్తకాలు చాలాకాలం అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో తయారయ్యాయి. ఆ అక్షరాలు యూనికోడ్ కావు. ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. పుస్తకం ఆయనదే, కానీ ఫైలు షాపులో ఉంటుంది. రెండో ముద్రణకైనా, ఒక కవిత ఎవరికైనా పంపడానికైనా మళ్లీ ఆ షాపుకే రావాలి. నేను పని పూర్తయ్యాక ఓపెన్ ఫైలు, యూనికోడ్‌లోకి మార్చిన పాఠం రెండూ పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చేస్తాను. దానితో ఆయన రేపు పక్క షాపుకి వెళ్లిపోవచ్చు. కొందరు వెళ్లారు కూడా. కాంట్ కొట్టువాడి లెక్కలో నాకిది నష్టమే. ఆ నష్టం నాదే కాబట్టి దాని గురించి పెద్దగా ఆలోచించాల్సిన పని లేదు.

ఆలోచించాల్సింది ఇంకొకటి ఉంది. యూనివర్సిటీ దగ్గర్లో ఉన్న షాపుకి ప్రాజెక్టు రిపోర్టులు, థీసిస్‌లు వస్తాయి. టైపింగ్‌కి వచ్చేవి కొన్ని. ‘టాపిక్ ఇస్తాం, మొత్తం మీరే చేసివ్వండి’ అని వచ్చేవి కొన్ని. డబ్బులు రెండో రకంలోనే ఎక్కువ. అలా అడిగే కుర్రాళ్లని దొంగలనడానికి నాకు మనసొప్పదు. రాత్రి రెండింటిదాకా ఫుడ్ డెలివరీ చేసి పొద్దున క్లాసుకి వెళ్లేవాడికి ప్రాజెక్టు ఎలా రాయాలో కూర్చోబెట్టి చెప్పినవాళ్లెవరూ లేరు. అయినా ఇంకొకరి పేరుతో నేను రాయలేను. నువ్వు రాసుకొస్తే మామూలు రేటుకి టైపు చేస్తాం, అధ్యాయాలుగా ఎలా విడగొట్టాలో కూర్చుని చెప్తాను, అంటాను. కొందరు కూర్చుంటారు. చాలామంది లేచి వెళ్లిపోతారు. ‘మీరు చేయకపోతే పక్కషాపు వాళ్లు చేస్తారు’ అనేవాళ్లూ ఉన్నారు. నిజమే, చేస్తారు. ఊళ్లో దొంగ థీసిస్‌లు ఆపే పని నేను నెత్తినేసుకోలేదు. నా చేతులు ఏం చేస్తాయన్నది మాత్రమే నా చేతిలో ఉంది.

ఇంతవరకూ వినడానికి బాగానే ఉంటుంది. ఈ పని తీసుకోవద్దనుకున్నప్పుడు ఆ సంగతి ముందు మా అమ్మాయితోనే అన్నాను. ఆమెకి అప్పట్లో పేజీకింత అని లెక్క. సీజన్‌లో వచ్చే పేజీల్లో సగం ఆ రిపోర్టులవే. ఆమె వాదించలేదు. “అన్నా, వద్దనేది మీరు. తగ్గేది నా పేజీలు,” అంది.

దానికి నా దగ్గర తత్వశాస్త్రపు జవాబు లేదు. లెక్కల పుస్తకంలో మాత్రం ఒక జవాబు ఉంది. ఆమెకి పేజీల లెక్క తీసేసి నెల జీతం ఖాయం చేశాం. సీజన్‌లో ఆమె చేతికి ఎంత వచ్చేదో దాన్నీ కలుపుకునే ఆ జీతం కట్టాం. రాని థీసిస్‌ల డబ్బు నా భాగంలోంచి పోతుంది.

తర్వాత రస్కిన్ వ్యాసాలు చదువుతుంటే ఈ సంగతే కనిపించింది. 1860లో ఒక పత్రికలో వచ్చి, తర్వాత ‘అన్‌టు దిస్ లాస్ట్’ పేరుతో పుస్తకమైన వ్యాసాలవి. 1904లో జోహన్నెస్‌బర్గ్ నుంచి డర్బన్ వెళ్లే రైల్లో గాంధీ చదివింది ఆ పుస్తకమే. దాన్నే తర్వాత ‘సర్వోదయ’ పేరుతో గుజరాతీలోకి తెచ్చాడు. సైనికుడు, వైద్యుడు తమ వృత్తి కోసం అవసరమైతే ప్రాణం ఇస్తారని లోకం నమ్ముతుంది, మరి వర్తకుడు దేనికోసం నష్టపోవడానికి సిద్ధంగా ఉన్నాడు, అని అడుగుతాడు రస్కిన్. ఓడ మునిగేటప్పుడు కెప్టెన్ చివర్న దిగుతాడు. అలాగే కష్టం వచ్చినప్పుడు యజమాని పనివాళ్లకన్నా ఎక్కువ భారం తను మోయాలంటాడు. ఇది నాకు కాంట్ తూకం కన్నా పనికొచ్చింది. మనసులో ఏముందో చూడక్కర్లేదు. నెలాఖరున ఎవరి డబ్బు తగ్గిందో చూస్తే చాలు.

‘అయితే విలువలు కడుపు నిండినవాళ్లకేనా?’ అని అడగొచ్చు. కొంతవరకు అంతే. పిల్లల ఫీజులు కట్టాల్సిన డీటీపీ ఆపరేటరు అలాంటి రిపోర్టు చేస్తే తప్పుపట్టే అర్హత నాకు లేదు. అందుకే విలువల్ని గోడమీద రాసుకునే సూక్తుల్లా కాక అద్దెలాగా, కరెంటు బిల్లులాగా చూడటం మంచిదనిపిస్తుంది. ప్రతిదానికీ నెలకింత అని ఖర్చు ఉంటుంది. పదింటిని పోషించలేను. రెండు మూడు పోషించగలను. నచ్చని కవిత్వానికి పేజీలు కట్టనని భీష్మించుకోవడం లాంటివి విలువలు కావు, అభిరుచులు. వాటికి నా షాపులో బడ్జెట్ లేదు.

వచ్చే ఏడాది షాపు అద్దె పెరుగుతుందట. ఓనరు ఇప్పటికే చెప్పేశాడు. కూర్చుని లెక్కేశాను. ముందు నా భాగం తగ్గుతుంది. అదీ చాలకపోతే రెండో కంప్యూటర్ అమ్మి ఇంకా చిన్న గదిలోకి మారాలి. అప్పటికీ చాలకపోతే ఆ థీసిస్‌లు తీసుకుంటానా అన్నదానికి ఇప్పుడే గంభీరంగా జవాబు చెప్పేస్తే తేలిగ్గా ఉంటుంది. ఆ జవాబుకి ఇవాళ నాకయ్యే ఖర్చేం లేదు మరి. మా అమ్మాయికి మాత్రం ఒక మాట ఇచ్చాను: ఏ సంగతైనా ఆమె జీతం దాకా వచ్చేలోపే చెప్తానని.